నేను లేని రెండేళ్లు

మా మామ పోయారన్న కబురు నాకు ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగ్ మిల్లు గేటు ముందు అందింది. రైతుల పత్తి బండ్లు వరుసగా ఆగి ఉన్నాయి. తేమ కొలిచే మిషన్ చేత్తో పట్టుకుని మిల్లు మనిషితో వాదిస్తున్నాను. ఫోను మూడుసార్లు మోగి ఆగిపోయింది. నాలుగోసారి ఎత్తితే, మా అత్తగారి ఊరు బోథ్ నుంచి మా మరిది. మామ తమ్ముడి కొడుకు.

"వదినా, పెద్దబాపు పోయిండే. పొద్దుగాల చాయ్ తాగిండు. చేన్లకు పోత అని చెప్పులేసుకున్నడు. జరసేపు అరుగు మీద కూసుంట అన్నడు. మళ్ల లేవలే."

డెబ్బై దాటిన మనిషి. రోగం లేదు, మంచం లేదు, ఒకరి చేత నీళ్లు తాగించుకున్నది లేదు. మంచి చావు అన్నారు అందరూ. నేనూ కాదనను. కానీ నా బిడ్డ బతుకులో నేను చూడని రెండేళ్లు ఉన్నాయి. వాటిని చూసిన మనిషి ఆయన ఒక్కరే. ఆయన దినాలకు వచ్చిపోయే వాళ్లకు ఇది ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముప్పైమూడేళ్ల వయసులో నేను మళ్లీ చదువుకు పోయాను. అప్పటికి కరీంనగర్‌లో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. రెండేళ్లకొకసారి ఎంబీఏ చదివిన కొత్త కుర్రాడు మేనేజరుగా వచ్చేవాడు. ఏ డీలరు మాట మీద నిలబడతాడు, ఏ ఊరి నేలకు ఏ విత్తనం పోతుంది అన్నవి నా దగ్గరే నేర్చుకునేవాడు. నేర్చుకుని, నాకు సెలవు ఇవ్వాలా వద్దా అని ఆలోచించేవాడు. నాలుగో మేనేజరు వచ్చిన ఏడు ఎవరికీ చెప్పకుండా ప్రవేశ పరీక్ష రాశాను. హైదరాబాద్‌లో ఒక బిజినెస్ స్కూల్లో సీటు వచ్చింది. రెండేళ్లు. హాస్టల్లోనే ఉండాలి.

పాపకు ఆరేళ్లు. మా ఆయన మస్కట్‌లో ఏసీ మెకానిక్. ఆ ఏడాది చివర వచ్చేస్తానని మాట ఇచ్చి ఉన్నాడు. సిరిసిల్లలో మా అమ్మది, మంచం పట్టిన బాపును విడిచి కదలలేని స్థితి. మా అత్తమ్మ పాప పుట్టకముందే పోయింది. ఎట్లా చూసినా లెక్క కుదరలేదు. బోథ్ వెళ్లి మామకు చెప్పింది కూడా పోతానని కాదు, పోవడం లేదని.

ఆయన ఎడ్లకు మేత వేస్తున్నారు.

"సీటొచ్చింది మామా. పోతలేను. ఊకెనే జెప్దామని వచ్చిన."

"ఏం సదువది?"

"యాపారం సదువు."

"యాపారం గూడ బళ్లె నేర్పుతరా?" అని గట్టిగా నవ్వారు. చేతులు దులుపుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాక ఆ నవ్వు లేదు. "నలభై ఏండ్ల సంది పత్తి అమ్ముతున్న బిడ్డా. బండి తోలుకపోత. ఆడ ఎవడో ఒకడు ధర జెప్తడు. గా ధర వానికెవడు జెప్పిండో నాకు ఇప్పటిదాంక ఎర్కలేదు. నువ్వన్న పోయి తెల్సుకరా."

"పాప ఎట్ల మామా?"

"నేను లేనా?"

ఏదో మాటవరసకు అన్నారనుకున్నాను. పదిహేను రోజుల తర్వాత ఒక రేకు పెట్టె, జొన్నపిండి సంచీ పట్టుకుని కరీంనగర్ బస్టాండులో దిగారు. భూమి తమ్ముడి కొడుక్కి కౌలుకు ఇచ్చానన్నారు. ఎడ్లో అంటే, "గవి గూడ వాడే సూస్తుండు" అన్నారు.

తొమ్మిదేళ్లు దాచుకున్నది, పుస్తెలతాడు తప్ప మిగిలిన బంగారం, బ్యాంకు లోను అన్నీ కలిపినా మొదటి ఫీజుకు తక్కువే పడింది. ఆ సంగతి ఆయన ముందు నేను అనలేదు. గోడకవతల ఫోన్లో మా ఆయనతో అన్నది విన్నట్టున్నారు. రెండు రోజులు బోథ్ పోయి వచ్చి, రుమాలులో కట్టిన నోట్లు నా ముందు పెట్టారు. "పత్తి పైసలు" అన్నారు. అది జూన్ నెల. పాత పత్తి ఎప్పుడో అమ్ముడుపోయింది, కొత్తది ఇంకా విత్తనమే పడలేదు. విత్తనాల కంపెనీలో తొమ్మిదేళ్లు పనిచేసినదాన్ని, ఆ మాట నాకు తట్టలేదు. నేనే తట్టనివ్వలేదేమో.

మా ఆయన ఫోన్లో అన్నాడు: "అయితె నేనింకో రెండేండ్లు ఈడనే ఉంట. కిస్తీలు కట్టాలె గద." ఫోను పెట్టే ముందు, "పోరి నన్ను గుర్తు వడ్తదంటవా?" అని అడిగాడు.

అట్లా మేము నలుగురం నాలుగు చోట్లకు చెదిరిపోయాం, ఒక చదువు కోసం. మామా పాపా ఒకే ఇంట్లో ఉన్నారు కదా, నాలుగెట్లా అంటారేమో. బోథ్ విడిచిన మామ కరీంనగర్‌లో మూడో అంతస్తు మీద, అరుగు లేని ఇంట్లో, ఎవరికీ తెలియని మనిషిగా ఉన్నారు. ఆయన ఉన్న చోటూ పాప ఉన్న చోటూ ఒకటేనని నేను లెక్కవేయలేను.

బిజినెస్ స్కూల్లో నా తోటివాళ్లందరికీ ఇరవైమూడు, ఇరవైనాలుగేళ్లు. మొదటి వారం నన్ను చూసి లేచి నిలబడ్డారు, పంతులమ్మ అనుకుని. ఆ తర్వాత అక్కా అన్నారు. వాళ్ల ఇంగ్లీషు నా చెవికి అందేలోపు క్లాసు అయిపోయేది. పగలంతా కంపెనీల లాభనష్టాలు చదువుతూ, ఇప్పుడు పాప తిన్నదో లేదో అనుకునేదాన్ని.

ఆదివారం ఫోన్లో మామ చెప్పే వార్తలు ఒకటే: "మంచిగున్నది. తింటుంది. పంటుంది. నువ్వు ఫికర్ జేయకు." అంతకుమించి ఒక్క ముక్క రాబట్టలేకపోయేదాన్ని. జడల సంగతి నాకు ఇంటి ఓనరమ్మ చెప్పింది. బడిలో రెండు జడలు, రిబ్బన్లు ఉండాల్సిందే. నేర్పుతాను రమ్మని ఆవిడ అంటే, "ఎడ్ల పగ్గాలు పేనినోన్ని, నాకు జడ రాదా?" అన్నారట. వచ్చింది. మూడు పాయలు లాగి లాగి తాడు పేనినట్టే పేనారు. పాప కళ్లు నుదుటి మీదికి సాగిపోయి, ఆ రోజంతా బడిలో ఆశ్చర్యపోయిన ముఖంతో కూర్చుందట. టీచరు చీటీ రాసి పంపింది: జర లూజుగా వేయండి.

భాద్రపదం ముందు పొలాల అమావాస్య వచ్చింది. మా ఆదిలాబాద్ వైపు అది ఎడ్ల పండుగ. కడిగి, కొమ్ములకు రంగులు వేసి, హనుమాండ్ల గుడి చుట్టూ తిప్పి, ఇంటికి తెచ్చి పోలెలు, అంటే బొబ్బట్లు, తినిపిస్తారు. ఆ రోజు ఫోను పాప ఎత్తింది. మహా హుషారుగా ఉంది.

"అమ్మా, నేనూ తాతా మట్టితోని ఎడ్లు జేసినం. రంగులేసినం. డాబా మీద తిప్పినం."

"నిజం ఎడ్లు బోథ్‌ల ఉన్నయ్ గదనే, పండుగకు పోకపోయిండ్రా?"

"లేవు గద. తాత అమ్మిండు. నీకు పుస్తకాలు కొనాలెనని."

ఫోను పెట్టేసి సంచీ సర్దుకున్నాను. పుస్తకాలు కూడా సర్దాను. సాయంత్రానికి కరీంనగర్‌లో ఉన్నాను. కిటికీ గూట్లో రెండు మట్టి ఎడ్లు, వాటి ముందు రెండు పోలెలు ఉన్నాయి. మామ నా సంచీ బరువు చూశారు. జొన్నరొట్టె కాల్చి, శనగపిండితో చేసే పిట్ల వేసి ముందు పెట్టారు. తిన్నాక నేనే అన్నాను, ఇక నేను పోనని.

"సాలు నడుమల ఎడ్లిప్పరు బిడ్డా" అన్నారు, దున్నే చాలు సగంలో వదిలి పోరని.

"ఎడ్లేవి మామా?" అన్నాను.

ఆయన కిటికీ గూటి వైపు చూడలేదు. "ఎడ్లు పోయినయ్. సాలు ఉన్నది గద" అన్నారు.

సోమవారం మొదటి బస్సుకు ఆయనే ఎక్కించారు. పాప నిద్రలోనే ఉంది. లేపుతానంటే వద్దన్నారు. బస్సు కదులుతుంటే కిటికీ దగ్గరికి వచ్చి, అందరూ వినేట్టు, "ధర సంగతి మరువకు!" అని అరిచారు.

రెండో ఏడు ఆఖరి పరీక్షలప్పుడు పాపకు డెంగీ వచ్చింది. ఐదు రోజులు దవాఖానలో ఉంది. నాకు చెప్పలేదు. ఆ ఆదివారం ఫోన్లో కూడా "మంచిగున్నది, పన్నది" అన్నారు. పన్నది నిజమే, దవాఖాన మంచం మీద. పరీక్షలు అయిపోయి ఇంటికి వస్తే, పాప చేతి మీద సూది పెట్టిన చోట పసుపుపచ్చగా మచ్చ కనిపించింది. పిల్ల సగానికి సగమైంది. ఓనరమ్మ నోటినుంచి సంగతి బయటపడింది. రక్తంలో కణాలు పడిపోయి, ఒక రోజైతే డాక్టరు ఏమీ చెప్పలేనన్నాడట.

ఆ మధ్యాహ్నం నేను అన్న మాటలు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉన్నాయి.

"ఐదు దినాలు నా బిడ్డ దవాఖానల ఉంటె నాకు ఫోన్ జేయబుద్ధి గాలేదా మీకు?"

"తప్పే బిడ్డా."

"దానికేమన్న అయితే ఏం జెప్తుండ్రి నాకు?"

"నీకు జెప్తె నువ్వొస్తవ్. వొస్తె పరీక్ష పోతది. పరీక్ష పోతె ఇగ మళ్ల పోవు. నాకు గదే బుగులైంది."

"దాని తల్లిని నేను. మీరు గాదు."

ఆయన రుమాలు భుజాన వేసుకుని డాబా మీదికి పోయారు. గంట తర్వాత దిగివచ్చి, పాపకు రాగి జావ కాచి, గిన్నె నా చేతికిచ్చారు. "నువ్వు తాపియ్" అన్నారు. అప్పటిదాకా రోజూ తాపించింది ఆయన. నేను చెంచా పెడితే పాప నోరు తెరవకుండా తాత వైపు చూసింది. ఆయన ముఖం గోడకు తిప్పుకున్నారు.

తప్పు ఎవరిదని ఈరోజుకీ నాకు తెగలేదు. తల్లికి చెప్పకపోవడం తప్పే. చెప్పి ఉంటే నేను చదువు ముగించేదాన్ని కాదన్నదీ నిజమే. ఆ రెండూ పక్కపక్కనే ఉండిపోయాయి.

చదువు అయ్యాక పూణె నుంచి ఒక ఉద్యోగం వచ్చింది, నాతో చదివిన పిల్లలు కళ్లు పెద్దవి చేసేంత జీతంతో. ఇంకోటి ఆదిలాబాద్‌లో, పత్తి రైతులంతా కలిసి పెట్టుకున్న కంపెనీలో మేనేజరు పని, జీతం దానికి సగం కన్నా తక్కువ. రెండోది తీసుకున్నాను. త్యాగమని కాదు, మళ్లీ ఒక ఊరు దూరం నాకు చాతకాలేదు. జీతం తక్కువైనందుకు లోను తీరడానికి ఎక్కువ ఏళ్లు పట్టింది. మా ఆయన రెండేళ్లనుకున్నది మూడేళ్లయి వచ్చాడు. పాప ఆయన్ని గుర్తుపట్టింది గానీ, మొదటి నెల 'అంకుల్' అన్నంత మర్యాదగా మాట్లాడింది.

ఆదిలాబాద్‌లో ఇల్లు తీసుకుని మామకు ఒక గది ఉంచాం. ఆయన వారం ఉన్నారు. ఎనిమిదో రోజు రేకు పెట్టె సర్దుతుంటే అడ్డం పడ్డాను.

"నేనుంటె పోరి నీ దగ్గరికి రాదు బిడ్డా" అన్నారు. "దెబ్బ తాకితె 'తాతా' అంటుంది. ఇన్నవా? నేను పోతె నాలుగు దినాలు ఏడుస్తది. ఐదో దినం నిన్నే పిలుస్తది. పిలువక ఎటు పోతది?"

ఐదో రోజు కాదు, ఐదు నెలలు పట్టింది. అయినా ఆయన అన్నదే జరిగింది. రెండేళ్లు ఆయన ఊరు విడిచి ఉండటం కన్నా, ఆ రోజు పాపను విడిచి ఊరికి పోవడమే పెద్దదని నాకు తర్వాత్తర్వాత అర్థమైంది. బోథ్‌లో ఎడ్లు మళ్లీ కొనలేదు. ధర పెరిగింది, మోకాళ్లు నొస్తున్నాయి, కిరాయి ట్రాక్టరు చాలన్నారు.

పని మీద బోథ్ వైపు పోయినప్పుడల్లా అరుగు మీద ఆయన పక్కన కూర్చునేదాన్ని. అప్పుడు మొదలైంది. రెండేళ్లు ఫోన్లో "మంచిగున్నది" తప్ప అనని మనిషి, ఒక్కొక్కటిగా చెప్పడం మొదలుపెట్టారు. ఒకసారికి ఒక్కటే. పాప మొదటి పన్ను ఊడి పడితే, దాన్ని ఏ కప్పు మీదికి విసరాలో తెలియక ఓనరమ్మ డాబా మీద ఇద్దరూ పొద్దంతా ఆలోచించిన సంగతి. బడిలో పాప ఎవరితోనూ మాట్లాడటం లేదని, డబ్బా తినకుండా తెస్తుందని టీచరు పిలిపిస్తే, నెల రోజులు మధ్యాహ్నం పూట గేటు బయట ఆయన కూర్చున్న సంగతి. "లోపటికి రానియ్యరు. నేను గేటు కాడ కూసుండి రొట్టె తింట. పోరి ఆడికెల్లి నన్ను సూస్కుంట తింటది. గట్ల నెల దినాలు. ఆటెన్క దోస్తులైండ్రు, ఇగ నన్ను సూసుడే బంజేసింది. నేనూ పోవుడు బంజేసిన." చెప్పి నవ్వేవారు. నేను నవ్వి, బండి ఎక్కాక ఏడ్చేదాన్ని.

ఎందుకు అప్పుడే చెప్పలేదని ఒకసారి అడిగాను. "అప్పుడు జెప్తె పరేషాన్ అయితుంటివి. ఇప్పుడు జెప్తె కతలెక్క ఇంటున్నవ్" అన్నారు. ఆ రోజే ధైర్యం చేసి, దవాఖాన అప్పుడు నేనన్న మాటకు క్షమించమని అడగబోయాను.

"ఏ మాట?" అన్నారు.

"తల్లిని నేను, మీరు గాదు అన్న గద మామా."

"నాకు యాదికి లేదు బిడ్డా."

పన్ను ఊడింది ఏ వారమో యాదికున్న మనిషికి ఆ మాట ఒక్కటి యాదికి లేదు.

మా కంపెనీ పత్తిని పత్తిగా అమ్మడం మానేసి, మేమే గింజ తీయించి దూది వేరుగా, గింజ వేరుగా అమ్మిన మొదటి ఏడాది, మామ తన పత్తి తెచ్చారు. మేనేజరు మామనని ముందుకు రాలేదు. అందరితో పాటు వరుసలో నిలబడి, కాంటా అయ్యాక నా టేబుల్ ముందుకు వచ్చారు. చీటీ చూసుకున్నారు.

"గీ ధర ఎవలు జెప్పిండ్రు?"

"ముగ్గురు కొనేటోళ్లను పిలిచి మేమే అడిగినం మామా. ఎక్కువ ఇచ్చినోనికి ఇచ్చినం."

ఆయన బయటికి పోయి, వరుసలో ఉన్న తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ చాయ్ తాపించారు. ఆఫీసు కిటికీలోంచి ఆయన వీపు చూస్తూ నేను కాసేపు ఏ చీటీ రాయలేకపోయాను.

ఆఖరుసారి ఆయన్ను చూసింది పోవడానికి రెండు వారాల ముందు. పత్తి మంచి ఊపు మీదుంది, నాకు ఊపిరి సలపడం లేదు. అరుగు మీద కూర్చోగానే ఆయన మొదలుపెట్టారు. "ఒక్కసారి ఏమైందో ఎర్కేనా, ఆనకాలం. ఊరంత నీళ్లు. బడి ఆటో రాలే. నేనూ పోరీ..." అంతలో మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. లేచి పక్కకు పోయి మాట్లాడాను. పది నిమిషాలో, ఇరవయ్యో. తిరిగొచ్చేసరికి ఎవరో వచ్చి కూర్చున్నారు. "మల్ల జెప్త తియ్, పని సూస్కో" అన్నారు. నేను సరేనన్నాను.

దినాలు ఐనాక, చుట్టాలంతా సర్దుకుంటున్నప్పుడు, పాపను అడిగాను. ఇప్పుడు పాపకు పన్నెండేళ్లు.

"కరీంనగర్‌ల ఒకసారి పెద్ద వాన వడ్డదటనే. ఆటో రాలేదట. నువ్వూ తాతా ఏం జేసిండ్రు?"

చాలాసేపు ఆలోచించింది. కళ్లు చిన్నవి చేసి, నిజంగా వెతికింది.

"యాదికి లేదమ్మా" అంది. "నేను చిన్నగుంటి గద."

అంతే. ఆ వాన ఎట్లా పడిందో, వాళ్లు నడిచే వచ్చారో, ఏ కొట్టు కింద నిలబడ్డారో, పాపను భుజాల మీద ఎక్కించుకున్నారో, ఇద్దరూ తడిసి నవ్వుకున్నారో భయపడ్డారో, ఇక ఎవరికీ తెలియదు. చదువుకు నేను పెట్టిన ఖర్చంతా లోను కాగితాల్లో ఉంది, అది తీరిపోయింది కూడా. ఆ వాన మాత్రం నాకు దొరకదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం బస్సులో ఆదిలాబాద్ బయలుదేరాం. మా ఆయన ముందు సీట్లో తల వంచుకుని కూర్చున్నాడు. ఇచ్చోడ దాటేదాకా పాప కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఆ తర్వాత పక్కకు ఒరిగి, నా ఒళ్లో తల పెట్టుకుంది. బిజినెస్ స్కూల్ నుంచి తిరిగి వచ్చినప్పటి నుంచి ఇట్లా పడుకున్నది లేదు. నా ఎత్తుకు వచ్చిన పిల్ల, సీటులో పట్టడం లేదు. మోకాళ్లు ముడుచుకున్నా పాదాలు రెండూ నడిచే దారిలోకి వేలాడుతున్నాయి. టికెట్లు కొట్టుకుంటూ వచ్చిన కండక్టరమ్మ ఆగి చూసింది. నేను లేపబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపి, మెల్లగా ఆ పాదాలను దాటి వెనక్కి పోయింది. దారికి రెండు వైపులా టేకు చెట్లు ఆకులు రాల్చుకుంటున్నాయి. ఎండ పాప చెంప మీద పడుతూ తప్పుకుంటూ ఉంది. కాళ్లు తిమ్మిరెక్కినా ఆదిలాబాద్ వచ్చేదాకా నేను కదలలేదు.